బయటివాళ్ళకు ప్రవేశం లేదు

"మీ ఫోను నేను డబ్బు పెట్టి కొన్నాను. అందులో ఏం పెట్టుకోవాలో చెప్పడానికి మీరెవరు?"

యూసో ఈ మాట అన్నది ఫోన్ల కంపెనీ రిసెప్షన్‌లో నిలబడి. వానలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. జాకెట్ నుంచి నీళ్ళు కారి కాళ్ళ దగ్గర చిన్న మడుగు కట్టింది. ఎదురుగా ఉన్న అమ్మాయి ముందు మడుగును చూసింది, తర్వాత మనిషిని చూసింది.

"నేను సైమిని. మీ యాప్‌ని వెనక్కి పంపుతున్నది నేనే," అంది. "ముందు ఆ జాకెట్ అక్కడ తగిలించండి. కాస్త ఆరాక పోట్లాడుకుందాం."

ఉత్తరాది చలిదేశంలో ఉన్న మా ఔలు పట్టణంలో గొంతు పెంచేవాళ్ళు తక్కువ. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా నిలబడే జనం మేము. అలాంటి ఊళ్ళో యూసో ఒక వింత. మాటలు ఎక్కువ, మొహమాటం తక్కువ. తను రాసిన యాప్ మీద అతనికి ఎంత నమ్మకమంటే, వినేవాళ్ళకి ఒళ్ళు మండాలో నవ్వు రావాలో తెలిసేది కాదు.

ఆ యాప్ పేరు 'ఇంటిదారి'. పుట్టగొడుగులకో పళ్ళకో అడవిలోకి వెళ్తే, నడిచిన దారంతా ఫోను గుర్తుపెట్టుకుంటుంది. తప్పిపోతే అదే దారి వెంట వెనక్కి, కారు దాకా తీసుకొస్తుంది. టచ్ ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. కంపెనీ సొంతంగా రాసుకున్న ప్రోగ్రాములు తప్ప ఆ ఫోను ఇంకెవరివీ తీసుకునేది కాదు. బయటివాడు ఏదైనా రాస్తే అది సైమి గదికి వెళ్ళాలి, ఆమె పరీక్షించి కంపెనీ ముద్ర వెయ్యాలి. ఆ ముద్ర పడటం మాత్రం అంత తేలిక కాదు.

జాకెట్ తగిలించి వచ్చాడు యూసో. పోట్లాట మొదలైంది. మీ బిల్డింగ్‌లో ఎంతమంది ఇంజనీర్లు ఉన్నా ఊళ్ళో జనం కంటే ఎక్కువ కాదు కదా అన్నాడు. చేపలు పట్టేవాడికి ఏం కావాలో వాడికి తెలుసు, చెవులు వినపడనివాడికి ఏం కావాలో వాడికి తెలుసు, మీరు తలుపు తీస్తే చాలు, వాళ్ళే రాసుకుంటారు అన్నాడు. సైమి చేతులు కట్టుకుని అంతా విన్నది.

"తలుపు తీస్తే వచ్చేది వాళ్ళొక్కళ్ళేనా? దొంగలు రారా?"

"దొంగల భయంతో తలుపే లేని ఇల్లు కట్టుకుంటామా?"

"ఎవడో రాసిన యాప్ వల్ల అంబులెన్స్‌కి ఫోన్ కలవకపోతే జనం తిట్టేది మిమ్మల్ని కాదు, మమ్మల్ని."

"నా యాప్ వల్ల అలా జరగదు."

"ఇక్కడికొచ్చే ప్రతివాడూ అనే మాటే అది," అంది సైమి. కానీ పొమ్మనలేదు. టేబుల్ మీద పెట్టి చూస్తే అన్ని యాప్‌లూ బుద్ధిగానే ఉంటాయనీ, శనివారం ఊరవతల సాంగిన్‌యోకి అనే అడవిలో చూద్దామనీ చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. తడి జాకెట్ మళ్ళీ వేసుకుంటూ యూసో, ఇంత పొగరున్న అమ్మాయి కళ్ళు అంత బాగుండాల్సిన అవసరం ఏముందని తనలో తను విసుక్కున్నాడు.

శనివారం కూడా వానే. సైమి అతని ఫోను తన జేబులో పెట్టుకుని, కావాలనే అటూ ఇటూ తిప్పి, తను తెచ్చిన కారు ఏ దిక్కున ఉందో అతనికి తెలియకుండా చేసింది. తర్వాత ఫోను చేతికిచ్చి, ఇక ఇంటికి తీసుకెళ్ళమంది. యాప్ తీసుకొచ్చింది. చక్కగా కారు దగ్గరికే తీసుకొచ్చింది. యూసో మొహం వెలిగిపోయింది.

"బ్యాటరీ చూడండి," అంది సైమి. సగానికి పైగా అయిపోయింది. "దారి దొరికాక ఫోను చచ్చిపోతే, కాలు విరిగినవాడు ఎవరిని పిలవాలి?"

ఆ వెలుగు కాస్తా తగ్గింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, తప్పు కనబడితే ఒప్పుకునే గుణం ఉంది యూసోకి. వారమంతా కూర్చుని సరిచేసుకొచ్చాడు. మళ్ళీ శనివారం, మళ్ళీ అడవి. ఈసారి ఇంకో లోపం దొరికింది. ఆ తర్వాత ఇంకొకటి. జూన్ నెలంతా ఇదే వరస. సైమికి లోపాలు నిజంగా దొరుకుతున్నాయా, వెతికి మరీ పట్టుకుంటోందా అని యూసోకి అనుమానం వచ్చింది. అదే అనుమానం సైమికీ తన మీద వచ్చింది.

ఒక శనివారం దేవదారు చెట్ల కింద కూర్చుని ఫ్లాస్కులోని కాఫీ పంచుకుంటున్నారు. దోమలు పీక్కుతింటున్నాయి.

"అసలు మీకు ఈ యాప్ ఆలోచన ఎలా వచ్చింది?" అని అడిగింది సైమి.

"పుట్టగొడుగులకి వెళ్ళి తప్పిపోయాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరిగాను. తీరా చూస్తే రోడ్డు పక్కనే ఉన్నాను. లారీల శబ్దం వింటూ జలపాతం అనుకున్నాను."

సైమి నవ్వింది. కాఫీ ఒలికేలా నవ్వింది. నవ్వు ఆగాక, "దోమలు ఇంతలా కుడుతుంటే ఇంకా మీరు ఏమిటి, నువ్వు అను," అంది. యూసో ఆ రోజు సైకిల్ మీద పాడుకుంటూ ఇంటికెళ్ళాడు. వంతెన మీద ఎదురైన ముసలాయన పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

జూలై వచ్చింది. జూలైలో మా దగ్గర ఎవరూ పని చెయ్యరు, అందరూ పల్లెలకి పోతారు. సెలవులు అయ్యాక ఆగస్టులో కంపెనీలో పెద్ద సమావేశం ఉంది. రాబోయే మోడల్‌లో బయటివాళ్ళ యాప్‌లని రానివ్వాలా, వద్దా అన్నది ఆ రోజే తేలుస్తారు. పై అంతస్తులో సగంమంది రానిద్దాం అంటున్నారు, సగంమంది వద్దంటున్నారు. డైరెక్టర్ ఇర్మెలి గారు మాత్రం సైమి ఏమంటుందో విన్నాకే తన మాట చెప్తానన్నారు. బయటివాళ్ళ తరఫున మాట్లాడటానికి ఒక మనిషిని పిలవమంటే, సైమి యూసో పేరు ఇచ్చింది. 'ఇంటిదారి'కి పరీక్ష కోసం ముద్ర వేసి, ముందుగా తన ఫోనులోనూ, తన గదిలో పనిచేసే మరికొందరి ఫోన్లలోనూ వేసింది. సెలవుల్లో వాడి చూద్దాం అనుకుంది.

అక్కడే కొంప మునిగింది.

సైమి వాళ్ళ అమ్మమ్మ లెంపి, పుదాస్‌యార్వి అనే ఊరి అవతల ఒంటరిగా ఉంటుంది. ఆవిడకి ఒక హిల్లా చోటు ఉంది. చిత్తడి నేలల్లో కాసే ఆ బంగారు రంగు పళ్ళ కోసం మావాళ్ళు ప్రాణం పెడతారు. నీకు హిల్లా ఎక్కడ దొరుకుతుంది అని అడగడం, నీ జీతమెంత అని అడగడం కంటే అమర్యాద. నేల ప్రభుత్వానిది, ఎవరైనా రావచ్చు, ఎవరైనా కోసుకోవచ్చు, చట్టమే అలా ఉంది. అందుకే చోటు ఎవరికీ చెప్పరు. లెంపి అమ్మమ్మ అయితే సొంత అల్లుడికే చెప్పలేదు. కళ్ళు సరిగ్గా కనబడక, మోకాళ్ళు సహకరించక, ఈమధ్యే మనవరాలు సైమిని వెంట తీసుకెళ్తోంది.

ఆ ఏడు కాపు బాగుంది. సగం బకెట్ కోసుకుని, మిగతావి ఇంకాస్త పండనిచ్చి వారం పోయాక వద్దామని వచ్చేశారు. వారం పోయాక వెళ్తే అక్కడ బకెట్లు పట్టుకుని ఒక గుంపు వంగి ఉంది. నేలంతా తొక్కేసి ఉంది. అందులో ఒకడు నడుము నిటారు చేసి, "అరె సైమీ, నువ్వూ ఇక్కడికేనా?" అని చెయ్యి ఊపాడు. సైమి గదిలోనే పనిచేసే యార్మో.

పాపం యార్మోకి ఏమీ తెలియదు. సంతోషంగా ఫోను చూపించాడు. 'ఇంటిదారి' మ్యాప్ మీద ఒక దారి కనబడుతోంది. రోడ్డు దిగి, అడవి దాటి, చిత్తడి నేల నడిమధ్యకి వచ్చి అక్కడే గుండ్రంగా తిరుగుతోంది. జూలై నెలలో చిత్తడి నేల మధ్యలో ఒక మనిషి అలా గుండ్రంగా తిరిగితే దాని అర్థం ఏమిటో మావాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ దారి ఎవరిదో మాత్రం అందులో లేదు. కానీ వారం కిందట ఫోను జేబులో పెట్టుకుని తను నడిచిన దారే అదని సైమికి తెలిసిపోయింది.

లెంపి అమ్మమ్మ ఆ గుంపు వైపు ఒకసారి చూసింది. ఖాళీ బకెట్ చేతిలో మార్చుకుని వెనక్కి తిరిగింది. తిడితే బాగుండేది. ఇల్లు చేరేదాకా ఆవిడ వీపునే చూస్తూ నడిచింది సైమి, కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు.

ఇంటికి రాగానే యూసోకి ఫోన్ చేసింది.

"నేను నడిచిన దారి అందరికీ చూపించమని నీకు ఎవరు చెప్పారు?"

యూసోకి ముందు అర్థం కాలేదు. "అది... ఒకళ్ళు నడిచిన దారి ఇంకొకళ్ళకి పనికొస్తుందని పెట్టాను. తప్పిపోయినవాడికి..."

"నన్ను అడిగావా?"

"లేదు."

"బయటివాళ్ళ గురించి నేను మొదట అనుకున్నదే నిజం," అని ఫోన్ పెట్టేసింది.

యూసో ఆ సాయంత్రమే ఆ దారులన్నీ చెరిపేశాడు, చూపించే ఏర్పాటునే పీకేశాడు. కానీ జరిగింది జరిగిపోయింది. సమావేశంలో సైమి వద్దంటుంది, తలుపు మూసుకుపోతుంది. ఉద్యోగం మానుకుని రాసిన యాప్ వృథా. అదంతా అతనికి అర్థమైంది. అయినా అతని మనసులో తిరుగుతున్నది యాప్ కాదు. ఇక శనివారాలు లేవే అని.

మర్నాడు బస్సెక్కి పుదాస్‌యార్వి వెళ్ళాడు. ముందు ఫోన్ చెయ్యకుండా ఒకరింటికి వెళ్ళడం మా దగ్గర దాదాపు నేరం. ఊళ్ళో అడుగుతూ వెళ్ళి తలుపు కొట్టాడు. లెంపి అమ్మమ్మ తీసింది.

"అమ్మమ్మగారూ, మీ హిల్లా చోటు పోగొట్టింది నేనే."

ఆవిడ కింద నుంచి పైదాకా చూసింది. "కాఫీ తాగుతావా?"

తాగాడు. రెండో కప్పు కూడా పోసింది. అది అయ్యాక, బూట్లు వేసుకోమంది. పోగొట్టినవాడే ఇంకో చోటు వెతికిపెట్టాలంది. అప్పుడే ఆవిరి స్నానానికని కట్టెలు చేతుల నిండా పట్టుకుని సైమి పెరట్లోంచి వచ్చింది. అతన్ని చూసి ఆగిపోయింది.

"నువ్వూ వెళ్ళవే," అంది అమ్మమ్మ. "ఒక్కణ్ణే పంపితే తప్పిపోతాడు. దారి తప్పేవాడే కదా అలాంటి యాప్ రాస్తాడు."

ఇద్దరూ బయల్దేరారు. సైమి ముందు, యూసో వెనక. యూసో మాట్లాడకుండా అంత దూరం నడవడం పుట్టాక అదే మొదటిసారి అయ్యుండాలి.

"నిన్ను అడగాల్సింది," అన్నాడు చివరికి. "అడగలేదు. అసలు అడగాలన్న ఆలోచనే రాలేదు. అది యాప్ తప్పు కాదు, నా తప్పు. సమావేశంలో నువ్వు ఏం చెప్పాలనుకున్నావో అదే చెప్పు. నేను ఎదురు మాట్లాడను."

సైమి నడుస్తూనే ఉంది. అడవి పలచబడింది, చెట్ల సందున ఎవరిదో ఎర్రరంగు ఇల్లు కనబడింది. ఇంటి ముందు ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి. కాలిబాట ఆ పెరట్లోంచే తిన్నగా పోతోంది. ఇద్దరూ బాట వదిలేసి, పొదల్లో పడి, దూరంగా చుట్టు తిరిగి మళ్ళీ అవతల బాట కలుసుకున్నారు. కాళ్ళు బురదయ్యాయి.

పది అడుగులు వేశాక సైమి ఉన్నట్టుండి ఆగింది.

"యూసో, మనం ఇప్పుడు ఎందుకు చుట్టు తిరిగి వచ్చాం?"

"వాళ్ళ పెరడు కదా."

"ఎవరైనా చెప్పారా తిరగమని? గేటుందా, బోర్డుందా?"

"లేదు. కానీ పిలవకుండా ఎవరైనా పెరట్లోంచి పోతారా?"

సైమి వెనక్కి తిరిగి ఆ ఇంటిని చూస్తూ నిలబడింది. ఆమె మొహంలో కోపం ఎటు పోయిందో పోయింది. లోపం కోసం స్క్రీన్‌ని చూసేటప్పుడు కళ్ళు ఎలా చిట్లిస్తుందో అలా చిట్లించింది. హిల్లా పళ్ళు ఆ రోజు గుప్పెడే దొరికాయి, అవీ పచ్చివి. అమ్మమ్మ వాటిని చూసి మూతి విరిచింది. కానీ ఆవిరి స్నానం అయ్యాక యూసోకి కూడా చేపల సూపు పోసింది. సైమి తింటూ తింటూ ఏదో ఆలోచిస్తూనే ఉంది.

ఆగస్టులో సమావేశం రోజు వచ్చింది. గదిలో పొడవాటి బల్ల, కాఫీ, దాల్చినచెక్క బన్నులు. ఇర్మెలి గారు బల్ల మొదట్లో కూర్చున్నారు. చివర్లో యూసో, ఇస్త్రీ చొక్కాలో. హిల్లా సంగతి అప్పటికే బిల్డింగంతా పాకింది, యార్మో తల వంచుకుని బన్ను తింటున్నాడు. సైమి ఏం చెప్పబోతోందో అందరికీ తెలుసు అనుకున్నారు. వద్దనేవాళ్ళు అప్పుడే కుర్చీల్లో వెనక్కి వాలారు.

సైమి లేచింది.

"బయటివాళ్ళని రానిద్దాం," అంది.

వెనక్కి వాలినవాళ్ళు ముందుకొచ్చారు.

"మా అమ్మమ్మ చోటు ఎలా పోయిందో మీ అందరికీ తెలుసు. పోగొట్టింది బయటి యాప్. కానీ దాన్ని ఆపాల్సిన మన ఫోను ఏం చేసింది? ఒకసారి లోపలికి వచ్చినవాణ్ణి ఇల్లంతా తిరగనిచ్చింది. నేనే ముద్ర వేసి వదిలాను, నాకే తెలియలేదు. నేను ఎంత జాగ్రత్తగా చూసినా ఇంకోటి దాటిపోతుంది. ఎవరు లోపలికి రావాలి అని మనం ఏడాదిగా కొట్టుకుంటున్నాం. వచ్చినవాడు ఎక్కడిదాకా రావచ్చు అన్నది ఎవరం అడగలేదు. అడవిలోకి ఎవరైనా రావచ్చు, మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. పెరట్లోకి మాత్రం ఇంటివాళ్ళు పిలిస్తేనే. ఫోను కూడా అలాగే కడదాం. ఎవరి యాప్ అయినా రానీ, దాని పని అది చేసుకోనీ. ఎక్కడ ఉన్నాం, ఎవరితో మాట్లాడాం, ఏ ఫోటో తీశాం, ఇదంతా పెరడు. అక్కడికి రావాలంటే ప్రతిసారీ అడగాలి. అంబులెన్స్ కాల్ జోలికి మాత్రం ఎవరూ రాకూడదు."

"అడిగితే పిలిచేదెవరు?" అన్నారు ఇర్మెలి గారు. "ఇంటివాళ్ళం మనమే కదా."

"కాదు. ఫోను కొన్న మనిషి."

బల్ల చివర యూసో తలెత్తాడు. రిసెప్షన్‌లో మడుగు కడుతూ తను అరిచిన మాట ఇంత బాగుంటుందని అతనికే తెలియదు. ఇర్మెలి గారు కాఫీ తిప్పుతూ చాలాసేపు ఆలోచించారు. తర్వాత మూడు నాలుగు ప్రశ్నలు అడిగారు, గట్టివే. సైమి తొణకకుండా జవాబు చెప్పింది. చివరికి ఆవిడ ఒకసారి తలూపారు. మా దగ్గర అంతకంటే పెద్ద చప్పట్లు లేవు.

"సరే. రానిద్దాం. ఈ కొత్త పద్ధతిలో మొదట 'ఇంటిదారి'ని పరీక్షించండి. సైమీ, అది నువ్వే చూడు."

సైమి కూర్చోబోతూ ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం మారలేదు.

"ఆ యాప్‌ని నేను చూడకూడదు. యార్మోకి ఇవ్వండి."

మా ఆఫీసుల్లో ఇదొక కట్టుబాటు. ఎవరి పని మీద తీర్పు చెప్పాలో ఆ మనిషి మనకి కావలసినవాడైతే, ఆ మాట పైకి చెప్పి పక్కకి తప్పుకోవాలి. కారణం కూడా చెప్పాలి. అడిగేవాళ్ళు అడుగుతారు.

"కారణం?" అన్నారు ఇర్మెలి గారు.

"యూసో అంటే నాకు ఇష్టం."

బన్ను యార్మో చేతిలోంచి జారింది. ఇర్మెలి గారు కళ్ళజోడు తీసి, బల్ల చివరన కొయ్యబారిపోయిన మనిషిని ఒకసారి చూశారు.

"ఈ సంగతి అతనికి తెలుసా?"

"ఇప్పుడే తెలిసింది," అంది సైమి.

సమావేశం వివరాలు రాసుకుంటున్న అమ్మాయి పెన్ను ఎత్తి పట్టుకుని, కారణం ఉన్నదున్నట్టు రాయాలా అని అడిగింది. సైమి రాయమంది. అందరూ యూసో వైపు తిరిగారు. తలుపు తియ్యండి తియ్యండి అని ఏడాది పొడవునా ఊరంతా తిరిగి వాదించినవాడు, నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"నాది కూడా రాయండి," అన్నాడు.